ఫ్యాన్ ఎవరి కోసం ఆగింది

తలుపు తీస్తే ఎదురుగా కనపడే కాలేజీని, తలుపు మూసుకుని, కళ్ళకి డబ్బా కట్టుకుని చూడాలట. ఇదీ మా ఛైర్మన్ బసవేశ్వరరావు గారికి వచ్చిన గొప్ప ఆలోచన.

2009 మార్చి అది. బాపట్ల నుంచి చీరాల వెళ్ళే రోడ్డులో ఉంది మా ఇంజనీరింగు కాలేజీ. పేరు అడక్కండి, ఇంకా అందులోనే పనిచేస్తున్నాను. నా పేరు హిమబిందు, ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. కాపురం తెనాలిలో. పొద్దున్నే ప్యాసింజరుకి బాపట్ల రావడం, సాయంత్రం ప్యాసింజరుకి పోవడం. నాకు కోపం ఎక్కువని కాలేజీ అంతా చెప్పుకుంటారు. తగ్గించుకోవడానికి ఒక్క కారణం చూపించమనండి, నేనూ తగ్గించుకుంటాను.

ఛైర్మన్ గారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి వర్చువల్ రియాలిటీ అద్దాలు పట్టుకొచ్చారు. చూడటానికి హెల్మెట్ ముందు భాగం కోసి తెచ్చినట్టు ఉంటుంది. దాని వెనక వేలెడు లావు తీగ, ఆ తీగ చివర కంప్యూటరు. తలకి పెట్టుకుంటే కంప్యూటర్లో ఉన్న బొమ్మ మన చుట్టూ పరుచుకుంటుంది. తల తిప్పితే బొమ్మ తిరుగుతుంది, పైకి చూస్తే ఆకాశం కనపడుతుంది. చేతికి తొడుక్కునే గ్లౌజు ఒకటి దాంతోపాటు వచ్చింది. మనం చెయ్యి చాపితే బొమ్మలో కూడా ఒక చెయ్యి ముందుకొస్తుంది. అద్భుతమైన వస్తువే, కాదనను. కానీ దేనికో తెలియకుండా ముందు కొనేసి, కొన్నాక దేనికీ అని అందర్నీ కూర్చోబెట్టి అడగడం మా కాలేజీకి అలవాటు. ఏప్రిల్ ఆఖర్న తనిఖీ కమిటీ వస్తోంది. ఆ లోపల దీంతో ఏదో ఒకటి చేసి చూపించాలి.

మీటింగులో ఛైర్మన్ గారు ముందు తన ఆలోచన చెప్పారు. కమిటీవాళ్ళు కుర్చీలో కూర్చునే కాలేజీ అంతా తిరిగి చూస్తారట. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.

"ఏంటండీ ఇది? వాళ్ళు వచ్చేదే కాలేజీ చూడటానికి. కాళ్ళు లేని వాళ్ళా వాళ్ళు?" అన్నాను.

"కూర్చో అమ్మా, కూర్చో" అన్నారు ఆయన.

మెకానికల్ హెడ్ గారు లేతు మిషను బొమ్మ చేద్దామన్నారు. పిల్లలు అద్దాలు పెట్టుకుని లేతు తిప్పడం నేర్చుకుంటారట. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ షెడ్డులో నాలుగు లేతు మిషన్లు రెండేళ్ళుగా గోతాలు కప్పుకుని నిద్రపోతున్నాయి సార్. ముందు ఆ గోతాలు తీయండి" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. ఫిజిక్సు జార్జి గారు గ్రహాల మధ్య తిరిగే బొమ్మ అన్నారు. దానికి మాత్రం నోరు మూసుకున్నాను. గ్రహాలకి ఆర్టీసీ బస్సు లేదు కాబట్టి అది కాస్త నయం.

"ఒక్కటే అడుగుదామండీ" అన్నాను చివరికి. "ఆ పని నిజంగా చేసి నేర్చుకోవచ్చా, లేదా? నేర్చుకోవచ్చంటే ఈ డబ్బా అక్కర్లేదు. నేర్చుకునే లోపల మనిషి పోతాడు, ఒక్క తప్పు చేస్తే రెండో తప్పు చేయడానికి ఉండడు, అనుకోండి. అప్పుడు కావాలిది. ఇందులో చస్తే మళ్ళీ లేవొచ్చు. దీనికున్న గొప్పతనం అదొక్కటే."

ఛైర్మన్ గారు విసుగ్గా నవ్వి, "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని, నీది ఎప్పుడూ ఇంతే. సరే, నువ్వే చెప్పు. ఏం చేద్దాం?" అన్నారు.

"కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ కోసం చేద్దాం."

ఆయన మొహం విప్పారింది. నా మాట నచ్చి కాదు. ఆయన వియ్యంకుడి తమ్ముడు కరెంటు డిపార్ట్‌మెంటులో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. వాళ్ళ మనుషుల్ని పిలిపించి, ఫొటోలు తీయించి, కమిటీ ముందు పెట్టొచ్చని ఆయన లెక్క. ఎవరి లెక్క ఏదైతేనేం, నా పని అయిందనుకున్నాను.

ఆ మాట నా నోట్లోకి ఊరికే రాలేదు. మా తమ్ముడు విష్ణువర్ధన్ లైన్‌మన్. రేపల్లెలో ఇల్లు, అక్కడికి నాలుగైదు మైళ్ళ అవతల కాలవ గట్టు మీద ఊళ్ళన్నీ వాడి కింద. సబ్‌స్టేషన్ ఏ ఊళ్ళో ఉందో చెప్పను. చెబితే ఎవరి ఉద్యోగం ఊడుతుందో ఏమో. మీటింగుకి ముందు ఆదివారం నేను రేపల్లె వెళ్ళాను. మా మరదలు పుష్పలత గుత్తివంకాయ చేసింది. అన్నానికి ముందు పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే బీరపాదుకి ఆసరాగా నిలబెట్టిన కర్ర కంటపడింది. కర్ర కాదు. ఎర్త్ రాడ్డు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"రాడ్డే అక్కా. బలంగా ఉంటుందని పెట్టా. పాదు బాగా అల్లుకుంది చూడు" అన్నాడు వెధవ, నవ్వుతూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో చెబుతాను. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటరుతో మాట్లాడి, లైను ఆపించి, పుస్తకంలో రాయించి, నంబరు తీసుకోవాలి. దీన్ని ఎల్సీ అంటారు. లైన్ క్లియర్ అని. పని అయి దిగాక ఆ నంబరు చెప్పి మళ్ళీ లైను వేయించాలి. ఇంత చేసినా, తీగ ముట్టుకునేముందు ఆ తీగకీ భూమికీ కలిపి ఎర్త్ రాడ్డు తగిలించాలి. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది మనిషిలోంచి పోకుండా రాడ్డులోంచి భూమిలోకి పోతుంది. ఆ రాడ్డే వీడు బీరపాదుకి పెట్టాడు.

అన్నం తింటూండగానే ఫోనొచ్చింది, కాలవ దగ్గర తీగ జారిందని. తెనాలి రైలు ఆ దారిలో ఉన్న స్టేషన్లోనే ఎక్కొచ్చు కదా అని బండి వెనక ఎక్కాను. స్తంభం పక్కనే ఒక టీ బడ్డీ ఉంది. విష్ణు బండి ఆపి, జేబులోంచి సెల్ తీసి, నంబరు నొక్కి, ఒక్క రింగు కాగానే కట్ చేసి జేబులో వేసుకున్నాడు.

"మాట్లాడవేంట్రా?"

"మాట్లాడేదేముంది? ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఆపు అని. రెండిస్తే దిగాను, వెయ్యి అని. పూర్ణ బావకి తెలుసు."

పూర్ణచంద్రరావు ఆ సబ్‌స్టేషన్లో ఆపరేటరు. వీడికంటే పదేళ్ళు పెద్ద. వరసకి ఏమీ కాకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకునేంత స్నేహం.

"మరి ఆయన చూసుకున్నాడని నీకెట్లా తెలుస్తుంది?"

విష్ణు గడ్డంతో టీ బడ్డీ వైపు చూపించాడు. బడ్డీలో చిన్న టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. చూస్తుండగానే మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

"చూశావా? ఫ్యాన్ ఆగింది. ఇంకేం కావాలి?" అని చెప్పులు వదిలి స్తంభం ఎక్కేశాడు.

ఆ వేసవిలో కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పైనుంచి ఫోన్ వస్తుంది, ఆ లైను ఇరవై నిమిషాలు ఆపు అని. ఇరవై నిమిషాలు కాగానే మళ్ళీ వేసేస్తారు. వాడు దిగేదాకా నేను ఆ బడ్డీ ఫ్యాన్ వంకే చూస్తూ నిలబడ్డాను. దిగాక పట్టుకుని వాయించాను.

"ఒరేయ్, ఆ ఫ్యాన్ కోతకి ఆగిందో, నీ కోసం ఆగిందో ఫ్యాన్ చెబుతుందట్రా నీకు? పూర్ణచంద్రరావు ఫోన్ చూడకముందే కోత పడితే? కోత అయిపోయి మళ్ళీ వేస్తే? నువ్వు పైన ఉండగా వేస్తే?"

"ఆరేళ్ళుగా ఎక్కుతున్నా అక్కా. ఒక్కసారి కూడా జరగలా."

"జరిగితే చెప్పడానికి ఉండవురా, సన్నాసీ!"

వాడు నవ్వి బండి స్టార్ట్ చేశాడు. వాడికి నా కోపం చిన్నప్పటి నుంచీ అలవాటు. తెనాలి చేరేదాకా రైల్లో నాకు అదే ఆలోచన. తిట్టడం అయిపోయింది. తిడితే వినే వయసు వాడికి దాటిపోయింది. చూపించాలి. చూపించడమెలా? స్తంభం ఎక్కించి, కరెంటు వేసి చూపిస్తామా?

అందుకే మీటింగులో ఆ మాట అన్నాను.

ఇక తయారు చేయడం. మా పిల్లలు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు చేయరు, విజయవాడ వెళ్ళి కొనుక్కొస్తారు. పెళ్ళి కార్డులు అచ్చు వేయించినట్టు, పేర్లు మార్చి అచ్చు వేయిస్తారు. ఆ విషయం తలుచుకుంటే నాకు అన్నం సహించదు. ఒక్క పిల్ల, చీరాల నుంచి వచ్చే హరిత, నేనే చేస్తాను మేడమ్ అంది. కంప్యూటరు బొమ్మలు చేయడం ఆ పిల్లకి వచ్చు. మరి ఏం చేసిందీ? మొదట వారం రోజులు కూర్చుని స్తంభం చేసింది. కాలవ, కొంగలు, అరటితోట, పైన మబ్బులు. ఎక్కుతుంటే కింద చేలు చిన్నవైపోతూ కళ్ళు తిరుగుతాయి. చూసిన వాళ్ళందరూ ఆహా అన్నారు.

"బాగుంది" అన్నాను. "కొంగలు తీసేయ్."

"ఎందుకు మేడమ్?" అంది పాపం, బిక్కమొహం పెట్టి.

"లైన్‌మన్‌కి స్తంభం ఎక్కడం నువ్వు నేర్పుతావా? వాడు కళ్ళు మూసుకుని ఎక్కుతాడు. ఎత్తు చూసి వాడికి భయం లేదు. వాడికి తెలియనిది ఎక్కడుందో అది చూపించాలి. వాడు చచ్చేది పైన కాదమ్మా, కిందనే. ఫ్యాన్ ఆగిందని చెప్పులు వదిలాడు చూడు, అక్కడే."

హరిత తెలివైంది. అర్థం చేసుకుంది. కొంగలు పోయి టీ బడ్డీ వచ్చింది, బడ్డీలో ఫ్యాన్ వచ్చింది. చేతిలో సెల్ ఫోను పెట్టింది. మిస్డ్ కాల్ ఇవ్వొచ్చు, ఆపరేటరుతో మాట్లాడనూవచ్చు. స్తంభానికి రాడ్డు ఆనించి పెట్టింది. తీసుకునేవాడు తీసుకుంటాడు, తీసుకోనివాడు తీసుకోడు. మిస్డ్ కాల్ ఇవ్వగానే ఫ్యాన్ ఆగుతుంది, కానీ కోతకి ఆగుతుంది. ఇరవై నిమిషాలని మూడు నిమిషాలకి కుదించాం. మూడు నిమిషాలు కాగానే కరెంటొస్తుంది. పైన చెయ్యి తీగ మీద ఉంటే ఒక్క పెద్ద చప్పుడు, తెల్లటి వెలుగు, తర్వాత చీకటి. మాట్లాడి నంబరు తీసుకున్నవాడికి, రాడ్డు తగిలించినవాడికి ఏమీ కాదు, హాయిగా దిగొస్తాడు. అంతే. ఇంకేమీ లేదు అందులో.

కమిటీ సోమవారం వస్తుందనగా శనివారం ట్రయల్ వేశాం. ఏఈ గారు ఏడుగురు లైన్‌మన్లని వ్యాన్‌లో తీసుకొచ్చారు. వాళ్ళలో మా తమ్ముడూ ఉన్నాడు. చీరాలలో చీర కొనిపెడతానని చెప్పి పుష్పలతని కూడా బయల్దేరదీశాడు. ఆ రోజు డ్యూటీ లేదని పూర్ణచంద్రరావు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "ఇక్కడ బానే ఉందమ్మా" అన్నాడు. అద్దాల్లో కనపడేదంతా గోడ మీద తెర మీద కూడా పడుతుంది, అందరూ చూడొచ్చు.

మొదటివాడు అద్దాలు పెట్టుకున్నాడు. మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఫ్యాన్ ఆగింది. ఎక్కాడు. తీగ పట్టుకున్నాడు. ఢామ్మని చప్పుడు. వాడు ఎగిరి కుర్చీ మీంచి పడబోయాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రెండోవాడు చచ్చాడు. మూడోవాడు చచ్చాడు. ముందువాళ్ళు చావడం తెర మీద చూసి కూడా నాలుగోవాడు అదే చేశాడు, ఎందుకంటే ఫ్యాన్ ఆగగానే వాడి కాళ్ళు వాడి మాట వినలేదు. అలవాటు అలాంటిది. ఐదోవాడూ అంతే. ఒక్క బసవపున్నయ్య మాత్రం, రిటైరవ్వబోయే ముసలాయన, రాడ్డు తీసి తగిలించి, తాపీగా పని చేసుకుని దిగాడు. "పిరికి పున్నయ్య!" అని వెక్కిరించారు మిగతావాళ్ళు. ఆయన పట్టించుకోలేదు.

ఆఖర్న మా తమ్ముడు. "నేను చావనక్కా, చూడు" అని నా వైపు కన్నుకొట్టి పెట్టుకున్నాడు. ఫోన్ తీశాడు. మాట్లాడతాడేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఒక్క రింగు, కట్. ఫ్యాన్ ఆగింది. ఎక్కాడు. తొందరగా పని చేసి మూడు నిమిషాల లోపల దిగిపోదామని వాడి ఎత్తు. రెండు నిమిషాల యాభై సెకన్లకి చెయ్యి ఇంకా తీగ మీదే ఉంది. మూడు నిమిషాలు నిండాయి. ఢామ్. తెర నల్లబడింది. పుష్పలత చేతిలో ఉన్న సంచి కింద పడేసింది.

విష్ణు అద్దాలు తీసి నవ్వాడు. "అబ్బ, పది సెకన్లలో పోయింది!"

నేను నోరు తెరిచే లోపలే ఏఈ గారు లేచారు. మొహం జేవురించి ఉంది. "ఏంటండీ ఇది? ఏడుగుర్ని పిలిచి ఆరుగుర్ని చంపి చూపిస్తారా? సోమవారం బయటివాళ్ళ ముందు కూడా ఇదే వేస్తారా? మా డిపార్ట్‌మెంటులో ఎల్సీ పద్ధతి ప్రకారమే తీసుకుంటారు. మిస్డ్ కాల్ అనేదే లేదు మా దగ్గర."

"లేదా? ఇప్పుడు ఆరుగురు ఇచ్చింది ఏంటండీ మరి?" అన్నాను.

"అది ఆట కాబట్టి."

ఛైర్మన్ గారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నా వైపు తిరిగారు. "ఆ ఫ్యాన్ తీసేయమ్మా. ఆ చప్పుడూ తీసేయ్. స్తంభం ఎక్కడం, పైనుంచి కాలవ కనపడటం, ఆ ముక్క ఎంత బాగుంది! కొంగలుండేవట కదా, ఏవీ? అవి పెట్టు. చాలు."

"ఫ్యాన్ తీస్తే ఇందులో మిగిలేదేముందండీ? ఎక్కడం ఒక్కటే. మా తమ్ముడికి స్తంభం ఎక్కడం రాదని ఎవరైనా చెప్పారా మీకు? వాడికి రానిది కింద ఆగడం! అది నేర్పడానికే కదండీ ఇన్ని రోజులు ఈ పిల్లా నేనూ గుడ్లు ఊడేలా కూర్చుంది! తప్పు చూపించొద్దు, తప్పు లేని బొమ్మ చూపించండి అంటే, దానికి ఈ అద్దాలెందుకు? క్యాలెండర్ చాలు. గోడకి మేకు కొట్టి తగిలించుకోండి!"

"గొంతు తగ్గించు" అన్నారు ఛైర్మన్ గారు. "ఫ్యాన్ తీస్తావా, కాలేజీ టూర్ వేయించమంటావా?"

అప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మా తమ్ముడే. వాడు లేచి, చేతులు కట్టుకుని, "తీసేయి అక్కా. సార్ చెప్పేది నిజమే. ఇది ఆట. బయట అట్లా ఎప్పుడూ జరగదు. పూర్ణ బావ ఉండగా నాకేంటి?" అన్నాడు.

ఎవర్ని కాపాడటానికి నేను గొంతు చించుకుంటున్నానో వాడే అన్నాడు ఆ మాట. నాకు చెయ్యి ఎత్తి ఒక్కటి ఇవ్వాలనిపించింది. ముప్పై ఏళ్ళవాణ్ణి, పెళ్ళాం ముందు, వాడి ఆఫీసరు ముందు. ఇచ్చేదాన్నేనేమో కూడా.

"జరిగింది బావా."

తలుపు దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. పూర్ణచంద్రరావు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏం జరిగింది?" అన్నాడు విష్ణు.

"ఉగాది వెళ్ళిన మంగళవారం. మధ్యాహ్నం. పైనుంచి ల్యాండ్ లైన్‌కి ఫోనొచ్చింది, నీ లైను ఇరవై నిమిషాలు ఆపమని. ఆపా. సెల్ లోపల ఛార్జింగులో ఉంది. ఇరవై నిమిషాలు కాగానే వేసేశా. వేశాక లోపలికి వెళ్ళి సెల్ చూస్తే నీ మిస్డ్ కాల్ ఉంది. నేను లైను ఆపకముందు ఇచ్చింది. రెండోది లేదు. నువ్వు దిగలేదు."

"నోర్ముయ్యవయ్యా!" అని అరిచారు ఏఈ గారు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఉద్యోగం పోతుంది."

"పోనీండి సార్." ఆయన ఏఈ గారి వంక చూడను కూడా చూడలేదు, మా తమ్ముడినే చూస్తున్నాడు. "పరిగెత్తి లైను తీసేశా. నీకు ఫోన్ చేశా. ఎంగేజ్ వచ్చింది. ఎంగేజ్ వచ్చిందంటే మనిషి మాట్లాడుతున్నట్టే కదా. అక్కడే నేల మీద కూలబడిపోయా బావా. మళ్ళీ చేస్తే ఎత్తావు. ఏంటి బావా అన్నావు. ఏం చెప్పాలో తెలీక, అన్నం తిన్నావా అని అడిగా."

విష్ణుకి ఆ రోజు గుర్తొచ్చింది.

"నేను కిందున్నా" అన్నాడు మెల్లగా. "పైన పని చేస్తుంటే ఫోన్ మోగింది. ఆఫీసు నుంచేమో అని దిగా. పుష్ప. మునక్కాడలు తెమ్మని. రోడ్డు వైపు తిరిగి, దీనికోసం దింపావా అని తిడతానే ఉన్నా. ఫ్యాన్ వంక చూళ్ళేదు." పూర్ణచంద్రరావు వైపు తిరిగి, "ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాడు.

"చెబితే మళ్ళీ నా మాట మీద స్తంభం ఎక్కవని" అన్నాడు పూర్ణచంద్రరావు. ఏడుస్తున్నాడు మనిషి.

ఎవర్ని తిట్టాలి నేను? ఆయన్నా? ఆ మనిషి ఒక్కడే ఆ గదిలో నిజం చెప్పింది. ఛైర్మన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఏఈ గారు సెల్ తీసి ఎవరికో చేయబోయి మానుకున్నారు.

అప్పుడు పుష్పలత లేచింది. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడని పిల్ల. నేరుగా నా దగ్గరికి వచ్చి, "నాకు పెట్టండి వదినా" అంది.

"నీకెందుకే?"

"పెట్టండి."

అద్దాలు పెట్టాను. హరిత మొదటి నుంచీ నడిపించింది. ఈసారి మిస్డ్ కాల్ హరితే ఇచ్చింది, పుష్పకి ఆ గ్లౌజు వాడటం తెలియదు కాబట్టి. పుష్ప చూపు తెర మీద మాకు కనపడుతోంది. స్తంభం మొదలు దగ్గర నుంచి పైదాకా చూసింది. మళ్ళీ కిందికి వచ్చింది. టీ బడ్డీ వైపు తిరిగింది. ఫ్యాన్ మెల్లగా ఆగిపోయింది.

"ఇప్పుడు ఎక్కాలండి" అంది హరిత.

పుష్ప ఎక్కలేదు. అక్కడే నిలబడింది. ఎక్కకపోతే ఏం జరగాలో మేం బొమ్మలో రాయలేదు. అసలు ఎక్కని మనిషి వస్తుందని మేం అనుకోలేదు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆగిపోయిన ఫ్యాన్ వంకే చూస్తోంది. ఆ లైన్‌మన్లందరూ తెర వంకే చూస్తున్నారు. మూడో నిమిషం కాగానే ఫ్యాన్ రెక్క కదిలింది. ఒకసారి తిరిగింది, ఇంకోసారి తిరిగింది, తర్వాత గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

పుష్ప చేతులు రెండూ గాల్లో చాచింది, కళ్ళు కనపడని మనిషిలా. "ఏవండీ" అంది. "ఏవండీ, ఎక్కడున్నారు?"

మా తమ్ముడు కుర్చీలు తోసుకుంటూ వచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు. "ఇక్కడే ఉన్నా పుష్పా. కిందే ఉన్నా."

ఆమె చేతులు విదిలించుకుంది. ఆ అద్దాలు ఇంకా కళ్ళకి ఉండగానే, వాడు ఎక్కడున్నాడో తడుముకుని, రెండు పిడికిళ్ళతో వాడి గుండెల మీద గుద్దింది. "దిగొచ్చి నన్ను తిట్టారా? ఆ రోజు నేను అన్నం మానేసి పడుకున్నా! దిగొచ్చి నన్ను తిట్టారా?" అని గుద్దుతూనే ఉంది. వాడు కదలకుండా నిలబడి కొట్టించుకున్నాడు.